నాలుగు క్యూసెక్కుల గులాబీ

ఈ డెల్టా మొత్తమ్మీద అందరికంటే ఎక్కువ వాసన వేసే గులాబీ మొక్కను పెంచినవాణ్ణి నేనే. గొప్పకి చెప్పుకోవడం లేదు. ఇరిగేషన్ డిపార్టుమెంటు వారు టేపు పట్టి కొలిచి, నాలుగు క్యూసెక్కులని లెక్క తేల్చి, ఎం.బుక్కులో ఎక్కించి, కింద నిండు సంతకం చేశారు. ఎం.బుక్కంటే కొలతల పుస్తకం. అందులో ఎక్కినది తప్పని సాక్షాత్తూ దేవుడే దిగివచ్చి చెప్పినా, ఆయన ఏ హోదాలో చెబుతున్నాడో ముందు కనుక్కుంటారు.

కొలిచిన రోజున నా మొక్కకి పువ్వు లేదన్నది వేరే సంగతి. మొగ్గ కూడా లేదు. ఆ ముందురోజే ఎవరిదో మేక గోడ దూకి వచ్చి, ఆకులూ చిగుళ్ళూ తీరిగ్గా మేసి, నాకు మూడు ముళ్ళ పుల్లలు మిగిల్చి వెళ్ళింది. ఇక పెంచినవాణ్ణి నేనే అన్నానే, అందులోనూ కొంచెం సర్దుబాటు ఉంది. నాటింది మా నాన్న. నీళ్ళు పోసింది మా అమ్మ. మేకని చూసి, ఎండగా ఉందని తలుపేసుకున్నది మాత్రం నేనే.

మాది లాకుల కాలనీ. ప్రధాన కాలువ గట్టు కింద ఒకే ఒక్క వీధి, దానికి అటూ ఇటూ డిపార్టుమెంటు క్వార్టర్లు. మొదటి క్వార్టరు మాది. మా నాన్న గవర్రాజు గారు ఈఈ, అంటే ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు గారి ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. ఫైలు చెయ్యిజారి కింద పడితే దానికి నమస్కారం పెట్టి మరీ తీసే మనిషి. నా పేరు పాండు. డిగ్రీ అయిపోయింది. గ్రూపు పరీక్షలకి చదువుతున్నానని ఇంట్లోవాళ్ళని నమ్మించడంలోనే నాకు రోజంతా గడిచిపోతుంది.

వీధి ఆ చివర, లాకుల పక్కన ఉన్నది లస్కరు సత్తిరాజు క్వార్టరు. లస్కరంటే కాలువ తలుపులు ఎత్తీ దించే మనిషి. ఆయన భార్య పేరంటాలమ్మ. ఆవిడ వాకిట్లో ఛాతీ ఎత్తున పన్నీరు గులాబీ పొద ఉంది. లేత గులాబీ రంగు పువ్వులు, వదులు రేకులు, గట్టిగా పట్టుకుంటే సగం చేతిలోనే రాలిపోతాయి. చూడ్డానికి అంత గొప్పగా ఉండవు. కానీ పొద్దున్నే ఆ పక్కగా వెళితే, ఏ పనిమీద బయల్దేరామో కాసేపు గుర్తుకు రాదు. చిన్నప్పుడు ఆ పువ్వులు దొంగతనంగా కొయ్యబోయి చాలాసార్లు దొరికిపోయాను. దొరికినప్పుడల్లా ఆవిడ నన్ను తిట్టవలసినంతా తిట్టి, ఒక పువ్వు చేతిలో పెట్టి పంపించేది.

కిందటి కార్తీకంలో చీఫ్ ఇంజనీరు గారు లాకులు చూడ్డానికి వచ్చారు. చూసి తిరిగి వెళ్తూ పేరంటాలమ్మ కంచె పక్కన ఒక్క క్షణం ఆగారు. ముక్కు కొంచెం పైకెత్తారు. "బాగుంది" అన్నారు. జీపెక్కి వెళ్ళిపోయారు.

జరిగింది ఇంతే. మిగతాదంతా డిపార్టుమెంటు చేసింది.

మా ఈఈ వరాహమూర్తి గారు మామూలు తెలుగు మాట్లాడటం మానేసి చాలా కాలమైంది. ఇంట్లో భోజనం దగ్గర కూడా "సదరు సాంబారునందు ఉప్పు లోపించినట్లు గమనించడమైనది" అంటారని వాళ్ళ పనమ్మాయి చెప్పింది. చీఫ్ గారి నోట ఆ మాట వచ్చిన మర్నాడే సర్క్యులర్ వచ్చింది. టైపు చేసింది మా నాన్నే కాబట్టి నాకు నోటికొచ్చు.

"పెద్దలు తమ పర్యటన సందర్భమున ‘బాగుంది’ అని అభిప్రాయపడియున్నారు. సదరు అభిప్రాయమును కాలనీ మొత్తమునకు సమానముగా వర్తింపజేయుట మన కర్తవ్యము. కావున ప్రతి క్వార్టరునందును, పొదగా పెరుగునదియు, గులాబీ రంగు పూలు పూయునదియు, సువాసన కలదియునగు గులాబీ మొక్క ఒకటి విధిగా పెంచవలెను. పెద్దలు మరల వచ్చునాటికి వాసన సిద్ధముగా ఉండవలెను. వాసన లేని క్వార్టరు వారిపై తగు చర్య తీసుకొనబడును."

కడియం నర్సరీల నుంచి లారీలో మొక్కలు దిగాయి. క్వార్టరుకి ఒకటి చొప్పున, కొమ్మకి రేకు బిళ్ళ కట్టి, బిళ్ళ మీద నంబరు వేసి ఏఈ కోదండపాణి గారు స్వయంగా పంచారు. ఏఈ గారు ఈఈ గారి కింద పనిచేసే ఇంజనీరు. పంచుకుంటూ పంచుకుంటూ వీధి చివరికి వెళితే, పేరంటాలమ్మ తీసుకోలేదు.

"నాకెందుకు బాబూ, నాకుంది గదా" అంది పొదని చూపించి.

"అది ప్రభుత్వ మొక్క కాదమ్మా. బిళ్ళ లేదు."

"బిళ్ళ లేపోతే వాసన రాదా అండి?"

"వస్తే రావచ్చు. రికార్డులోకి రాదు."

ఆ క్వార్టరు ఎదురుగా ‘మొక్క లేదు’ అని రాసుకుని ఆయన వెళ్ళిపోయారు. ఆ రెండు మాటలూ కాస్త గుర్తుపెట్టుకోండి. ముందుముందు వాటితో పని ఉంది.

శివరాత్రి వెళ్ళింది. వేసవికి కాలువలు కట్టేసేలోగా చీఫ్ గారు మళ్ళీ వస్తారని కబురొచ్చింది. వాసన సిద్ధంగా ఉందో లేదో కొలవాలన్నారు. నీళ్ళ డిపార్టుమెంటుకి కొలవడానికి తెలిసిన పద్ధతి ఒక్కటే, కాలువలో నీళ్ళు కొలిచే పద్ధతి. వాసన మాత్రం పారదా ఏమిటని ఈఈ గారు ప్రశ్నించారట. ఎవరూ జవాబు చెప్పలేదు కాబట్టి పారుతుందని తేలిపోయింది. ఏఈ గారు మొక్క దగ్గర నిలబడి పీల్చాలి. టేపు పట్టుకుని వాసన ఆగిపోయేదాకా వెనక్కి నడవాలి. ఆ దూరాన్ని వీధి వెడల్పుతోనూ గాలి వేగంతోనూ హెచ్చవేస్తే ఎన్ని క్యూసెక్కుల వాసన పారుతోందో వస్తుంది.

ఇందులో ఒక చిన్న ఇబ్బంది ఉంది. ఏఈ గారికి ఏడాది పొడుగునా జలుబు.

కొలతల ముందురోజు సాయంత్రం మా నాన్న మొక్క దగ్గర గొంతుక్కూర్చున్నాడు. మొక్క అంటున్నాను గానీ, మూడు పుల్లలు.

"ఒరేయ్ పాండూ, ‘తగు చర్య’ అని నేనే టైపు చేశానురా. ఈ చేత్తోనే చేశాను."

"పుల్లలు గులాబీవే కదా నాన్నా. చెప్పుకుందాం."

"ఎవరికి చెప్పుకుంటావురా? అర్జీ ఇచ్చినా అది వచ్చేది నా టేబులు మీదకే."

ఆయన బాధ చూడలేక చేశానంటే మీరు నన్ను మంచివాడనుకుంటారు. నిజానికి పుల్లల్లోంచి వాసన వస్తే డిపార్టుమెంటు మొహం ఎలా ఉంటుందో చూద్దామనిపించింది. బజార్లో మస్తాన్ సాయిబు గారి కొట్టుకి వెళ్ళి గులాబీ అత్తరు తెచ్చాను. దూది ఉండలు చేసి, అత్తరులో ముంచి, పుల్లల మొదట్లో పలచగా మట్టి కప్పి పెట్టాను. మొక్క వెనకున్న కిటికీలో కర్టెన్ చాటున టేబుల్ ఫ్యాను పెట్టాను.

ఏఈ గారు వచ్చారు. అప్పటికే పక్కవాళ్ళ మొక్కలు నాలుగైదు కొలిచి సున్నాలు రాసుకుని ఉన్నారు. కొన్నిటికి పువ్వులున్నాయి కూడా. ఆయన ముక్కుకి తెలియలేదు, అంతే. మా పుల్లల ముందు నిలబడి అలవాటుగా ఒకసారి పీల్చారు. కళ్ళు పెద్దవయ్యాయి. మళ్ళీ పీల్చారు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"సంక్రాంతి దగ్గర్నుంచి మూసుకుపోయిందయ్యా ఈ కుడి ముక్కు" అన్నారు మెల్లిగా.

ఫ్యాను వేశాను. ఆయన వెనక్కి నడవడం మొదలెట్టారు. టేపు అయిపోయింది. ఇంకో టేపు తెప్పించారు. వీధి సగానికి పోయినా వాసన ఆగలేదు. లెక్క వేస్తే నాలుగు క్యూసెక్కులొచ్చింది.

ఇక నవ్వుతారని ఎదురుచూశాను. ఎవరూ మొక్క వైపు చూడలేదు. ఉండబట్టలేక నేనే అడిగాను.

"పువ్వు లేదు కదండీ మరి?"

"ఉత్తర్వులో వాసన కొలవమన్నారు. పువ్వు కొలవమనలేదు" అన్నారు ఏఈ గారు, ఎం.బుక్కులో ఎక్కిస్తూ.

మా నాన్న నా వైపు చూశాడు. కర్టెన్ వైపు చూశాడు. మళ్ళీ ఎం.బుక్కు వైపు చూసి, దానికి నమస్కారం పెట్టి లోపలికెళ్ళిపోయాడు.

మొత్తం కాలనీలో వాసన ఉన్న మొక్క ఒక్కటే, మిగతావన్నీ సున్నాలు. ఇంకొకరైతే మిగతా మొక్కలకి ఎరువేయించేవారు. వరాహమూర్తి గారు వీధి మొత్తాన్నీ ఒక కాలువగా భావించారు. మా మొక్క మూలం. మిగతా క్వార్టర్లు ఆయకట్టు. కిటికీలు తూములు, అంటే నీళ్ళు పొలంలోకి వదిలే కన్నాలు. లస్కరు క్వార్టరు శివారు భూమి. కాలనీ వాళ్ళందర్నీ ఆఫీసు ముందు కుర్చీలేసి కూర్చోబెట్టి ఉపన్యసించారు.

"లభ్యమగుచున్న నాలుగు క్యూసెక్కుల సువాసనను ఎగువవారు విచ్చలవిడిగా వినియోగించుట వలన దిగువవారికి అన్యాయము జరుగు ప్రమాదము పొంచియున్నది. కావున రేపటి నుండి వంతులవారీ విధానము అమలుపరచబడును. దిగువవారి వంతు నడుచు దినములలో ఎగువవారు తమ తూములను, అనగా కిటికీలను, మూసియుంచవలెను."

"ఎండలు మొదలయ్యాయి కదండీ" అంది ఆరో క్వార్టరు ఆవిడ.

"ఎండ మన పరిధిలోనిది కాదు" అన్నారు ఈఈ గారు.

మర్నాటి నుంచి వారంలో సగం రోజులు వీధిలో ఈ సగం ఉడికిపోయింది, మిగతా సగం రోజులు ఆ సగం. కిటికీలకి సీళ్ళు వేశారు. ఎవరి వంతు ఎప్పుడో చెప్పడానికి లాకుల దగ్గర మోగించే గంట తెచ్చి మా గుమ్మానికి కట్టారు. ఐదో క్వార్టరువాళ్ళు వంతు కానిరోజున కిటికీ సందులో కాగితం గొట్టం పెట్టి పీలుస్తున్నారని ఆరో క్వార్టరువాళ్ళు ఫిర్యాదు చేశారు. ఆరో క్వార్టరువాళ్ళ ఇంట్లో మనుషులెక్కువ, ముక్కులెక్కువ, కాబట్టి వాళ్ళకి వంతు తగ్గించాలని ఐదో క్వార్టరువాళ్ళు తిరుగు ఫిర్యాదు చేశారు. అవసరానికి మించి పీల్చరాదని బోర్డు వెలిసింది.

ఓవర్సీరు గారి మామగారు రోజూ పొద్దున్నే వరండాలో ప్రాణాయామం చేస్తారు. ఏఈ గారు అటుగా వెళ్తూ చూసి ఆగిపోయారు. సాయంత్రానికల్లా ఆయనకి మెమో వచ్చింది. ప్రజలందరికీ చెందిన వాసనను దీర్ఘముగా పీల్చి, వెలుపలికి విడువక, లోపల నిల్వ చేయుచున్నారని అభియోగం. పెద్దాయన భయపడిపోయి, చేతికర్ర పట్టుకుని ఆఫీసుకి వెళ్ళి, ఈఈ గారి ఎదుట నిలబడి, లోపలున్నదంతా విడిచేశానని చెప్పి వచ్చారు. వదిలిన వాసన మళ్ళీ వీధిలో కలిసిందో లేదో చూడమని ఈఈ గారు ఏఈ గారిని పంపారు.

నేను ఈ వేడుకంతా గుమ్మంలో కూర్చుని చూస్తూ, రోజు విడిచి రోజు దూదులు మారుస్తూ ఉన్నాను. గ్రూపు పరీక్షల గైడుకని ఇంట్లో ఇచ్చిన డబ్బులు అత్తరైపోయాయి. మస్తాన్ సాయిబు గారు నాకు త్వరలో పెళ్ళనుకుని శుభాకాంక్షలు కూడా చెప్పారు.

ఒకరోజు పేరంటాలమ్మ చేపల బుట్టతో సంత నుంచి వస్తూ మా గేటు దగ్గర ఆగింది. పుల్లల వైపు చూసింది. నా వైపు చూసింది.

"పువ్వు లేదు, ఆకు లేదు. వాసన మాత్రం పెళ్ళోరిల్లంత వత్తంది. ఎలాగరా అబ్బాయ్?"

"మంచి జాతి మొక్క పిన్నీ."

"మొక్క సంగతి సరే. నాది పొద్దున్న వత్తది, ఎండెక్కితే తగ్గుద్ది. నీది మిట్టమజ్జానం కూడా ఒకేలాగ వత్తందేంట్రా?"

"ప్రభుత్వ మొక్క కదా. దానికి ఆఫీసు టైము."

ఆవిడ నవ్వలేదు. "నీ ఏషాలు నీ ఇట్టం గానీ, ఎవుడి కొంప మీదకీ రాకుండా చూసుకో" అని బుట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది.

ఆవిడ ఆ మాటన్న వారంలోనే, ఆవిడ కొంప మీదకే వచ్చింది.

శివారుకి ముందున్న రెండు క్వార్టర్లవాళ్ళు, తమ వంతు రోజున కూడా తమకి ఏ వాసనా అందడం లేదని అర్జీ పెట్టారు. అందకపోవడం న్యాయమే. మా ఫ్యాను గాలి అంతదూరం పోదు. ఈఈ గారు శివారు తనిఖీకి స్వయంగా బయల్దేరారు. ఆయన ముక్కు మంచిది. వెనకాల ఏఈ గారు, ఆ వెనక ఎం.బుక్కు మోస్తూ మా నాన్న, ఆ వెనక పనిలేక నేను. వీధి సగం దాటాక వాసన సన్నగిల్లింది. తర్వాత అసలు లేదు. అలా నడిచి నడిచి లస్కరు క్వార్టరు దగ్గరికొచ్చేసరికి గుప్పున కొట్టింది. అప్పుడే పొద్దెక్కుతోంది. పొద నిండా పువ్వులు.

ఈఈ గారు ఆగి, ఏఈ గారి వైపు తిరిగారు.

"ఇంకుడు నష్టములు, ఆవిరి నష్టములు పోను ఇచ్చట ఎంత ఉండవలెను?"

ఏఈ గారు వేళ్ళ మీద లెక్కపెట్టారు. "సున్నా ఉండాలి సార్."

"మరి ఉన్నది?"

ఏఈ గారు పొదలో ముక్కు పెట్టినా ఆయనకేమీ తెలియలేదు. "తమరెంత అంటే అంత సార్" అన్నారు.

"ఈ క్వార్టరునందు మొక్క కలదా?"

ఏఈ గారు తన పుస్తకం తీసి చదివారు. "మొక్క లేదు సార్."

సత్తిరాజు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పేరంటాలమ్మ తడిచెయ్యి చెంగుకి తుడుచుకుంటూ బయటికొచ్చింది.

"ఇదేంటండి మరి?" అంది పొద చూపించి.

ఈఈ గారు ఆ పొదని పైనుంచి కిందికీ, కిందినుంచి పైకీ చూశారు. "రికార్డు ప్రకారము ఇచ్చట మొక్క లేదు. మొక్క లేనిచోట వాసన ఉన్నది. అనగా మూలము నుండి పారుచున్న వాసనను మార్గమధ్యమున మళ్ళించి ఇచ్చటకు లాగుచున్నారు. దీనిని మొక్క అనరాదు. ఇది అనధికార తూము."

"ఇది నేను కాపరానికొచ్చినప్పుడు ఏసుకున్న మొక్కండి."

"అనగా నేరము దీర్ఘకాలముగా సాగుచున్నదన్నమాట. గవర్రాజూ, రాసుకో."

మా నాన్న రాసుకున్నాడు. అక్కడ ఆ వాసన ఎక్కడిదో, ఇక్కడ ఈ వాసన ఎక్కడిదో తెలిసినవాళ్ళం అందులో ఇద్దరమే. ఇద్దరం నోరెత్తలేదు.

ఉత్తర్వు సాయంత్రానికే తయారైంది. మర్నాడు మధ్యాహ్నం చీఫ్ గారు వచ్చేలోపు సదరు అనధికార తూమును వేళ్ళతో సహా పెకలించవలెను. సత్తిరాజు క్వార్టరు ఖాళీ చేయవలెను. వాసన చౌర్యంపై అతనికి చార్జి మెమో. ఆయనకి ఇంకో ఏడాది సర్వీసుంది. ఆ మెమో ఫైల్లో పడితే పెన్షన్ కాగితాలు ఎక్కడివక్కడ ఆగిపోతాయని టైపు చేస్తూ మా నాన్నే నాతో అన్నాడు. అని, టైపు చేయడం కొనసాగించాడు.

నేను ఒక ఉపాయం ఆలోచించాను. నాకు తెలివితేటలకి లోటు లేదు, ధైర్యానికే. నిజం చెబితే మా నాన్నకి కూడా మెమో వస్తుంది. చెప్పకుండానే నిజం జరిగేలా చేస్తే సరిపోతుంది కదా. దూదులన్నీ తీసి కాలువలో పారేశాను. అత్తరు సీసా కడిగేశాను. ఫ్యాను అటక ఎక్కించాను. మా మొక్కకి వాసనే లేకపోతే, లేని వాసనని పేరంటాలమ్మ దొంగిలించిందని ఎవడంటాడు?

పొద్దున్నే ఏఈ గారు మా మొక్కని కొలిచారు. సున్నా. ఆయన మొహం పాలిపోయింది. ముక్కు మళ్ళీ మూసుకుపోయిందేమోనన్నది ఒక బాధ, నాలుగు క్యూసెక్కులు ఏమయ్యాయన్నది ఇంకో బాధ. ఈఈ గారిని తీసుకొచ్చారు. ఈఈ గారు ఒంగి పీల్చి, నడుం మీద చేతులేసుకుని నిటారుగా లేచారు.

"నిన్నటి వరకు కొంత లాగిరి. మెమో అందిన కోపమున రాత్రికి రాత్రి మొత్తము లాగిరి. ఇది గండి. పోలీసు వారికి కూడా రాయవలెను."

నేను నోరు తెరిచాను. మా నాన్న నా చెయ్యి పట్టుకున్నాడు. నోరు మూసుకున్నాను. చెయ్యి పట్టుకున్నందుకే మూసుకున్నానని ఇన్నాళ్ళూ చెప్పుకుంటున్నాను. ఆయన పట్టు అంత గట్టిగా ఏమీ లేదు.

అందరం శివారుకి నడిచాం. కూలివాడు గునపం తెచ్చాడు. సత్తిరాజు సామాన్లు వరండాలో మూటలు కట్టి ఉన్నాయి. పేరంటాలమ్మ పొద పక్కన పీట వేసుకుని కూర్చుని ఉంది. ఆవిడ ఏడవడం లేదు, ఎవర్నీ బతిమాలడం లేదు. రాలిన రేకులు ఏరి ఒళ్ళో వేసుకుంటోంది.

గునపం లేవబోతుండగా గట్టు మీద జీపు ఆగింది. చీఫ్ గారు మధ్యాహ్నం రావలసింది పొద్దున్నే వచ్చేశారు. నేరుగా కంచె దగ్గరికొచ్చి, ముక్కు కొంచెం పైకెత్తి, "ఇదే కదా ఆ రోజు..." అన్నారు.

నా ప్రాణం లేచి వచ్చింది. ఇక ఆయనే చూసుకుంటాడు, నేను చెప్పక్కర్లేదు అనుకున్నాను.

"పెద్దలు క్షమించవలెను. ఇది దొంగ వాసన" అన్నారు వరాహమూర్తి గారు. మూలం, ఆయకట్టు, వంతులు, శివారు, తూము, గండి అన్నీ వివరించారు. చీఫ్ గారు కళ్ళు చిట్లించి విన్నారు. విని ఒక్కటే ప్రశ్న వేశారు.

"గాలి వేగం పరికరంతో తీశారా, అంచనాగా వేశారా?"

"పరికరంతోనే సార్" అన్నారు ఏఈ గారు.

"అయితే సరే" అన్నారు చీఫ్ గారు. "కానీ నాలుగు క్యూసెక్కులు సాధించిన మొక్క ఎవరిది? ముందు అతన్ని అభినందించాలి."

ఈఈ గారు నన్ను ముందుకి తోశారు. "ఇతడే సార్. యువకుడు. స్వయముగా పెంచినాడు."

చీఫ్ గారు చెయ్యి చాపారు. నేను చాపబోయాను. మధ్యలో పేరంటాలమ్మ లేచి వచ్చి నా మణికట్టు పట్టుకుంది. చిన్నప్పుడు పువ్వులతో దొరికినప్పుడు పట్టుకున్నట్టే. నా అరచెయ్యి తిప్పి వాసన చూసింది. తర్వాత చీఫ్ గారి ముందు పెట్టింది.

"సూడండి బాబూ. సబ్బెట్టి కడిగినా పోలేదు."

చీఫ్ గారు ఒంగి పీల్చారు. "అవును. గులాబీయే."

"గులాబీయేనండి. ఇప్పుడిది సూడండి" అని తన చెయ్యి పక్కన పెట్టింది. మణికట్టు నుంచి మోచేతి దాకా ముళ్ళు గీసిన గీతలు, పాతవి నల్లగా, కొత్తవి ఎర్రగా. "గులాబీ పెంచినోడి చెయ్యి ఇలాగుంటాదండి. ఈడి చేతికి ఒక్క గీత లేదు. వాసనొక్కటే ఉంది."

అందరూ నా చేతి వైపు చూశారు. నేనూ చూశాను. మెత్తగా, నున్నగా, ఏ పనీ చేయని చెయ్యి.

"సెప్తావని సూశాన్రా పాండూ" అంది ఆవిడ మెల్లిగా, నాకొక్కడికే వినపడేట్టు. "నిన్న పొద్దున్న కాడ్నించీ సూత్తన్నాను."

నా మణికట్టు వదిలేసింది. పారిపోవడానికి దారుంది, కాలువ గట్టు కూడా ఖాళీగానే ఉంది. నేను కదల్లేదు.

"అది అత్తరండి" అన్నాను. "మొక్కని మేక తినేసిందండి. దూదిలో అత్తరు ముంచి పెట్టానండి."

"అసంభవము" అన్నారు ఈఈ గారు. "ఎం.బుక్కులో ఎక్కినది."

"వెనకాల ఫ్యాను పెట్టానండి."

ఏఈ గారు తన కుడి ముక్కు పట్టుకున్నారు. చీఫ్ గారు వరాహమూర్తి గారి వైపు చూడలేదు, పొద వైపు చూశారు. తర్వాత నా వైపు తిరిగారు.

"అంటే ఆ మొక్క నువ్వు పెంచలేదు."

"లేదండి. మొక్క ప్రభుత్వానిదండి. నీళ్ళు మా అమ్మవండి. వాసన మస్తాన్ సాయిబు గారి కొట్టుదండి. గాలి ఫ్యానుదండి. క్యూసెక్కులు ఏఈ గారివండి."

"మరి ఇందులో నీదంటూ ఏముందయ్యా?"

పేరంటాలమ్మ కూలివాడి చేతిలోంచి గునపం తీసుకుని కంచెకి ఆనించింది. సత్తిరాజు వరండాలో మూటల మధ్య కూలబడ్డాడు. మా నాన్న ఎం.బుక్కు గుండెకి హత్తుకుని నేలచూపులు చూస్తున్నాడు.

"వీళ్ళది దొంగతనమని అన్నప్పుడు నేను అక్కడే ఉన్నానండి" అన్నాను. "రెండుసార్లూ ఉన్నానండి. ఊరుకున్నానండి. అదొక్కటే నాది."

పొద మీంచి వాసన దాని పాటికది వస్తోంది.

ఏఈ గారు మా నాన్న చేతిలోంచి ఎం.బుక్కు తీసుకుని, కొత్త పేజీ తిప్పి, పెన్ను మూత తీసి, ఈఈ గారిని అడిగారు.

"ఊరుకోవడాన్ని ఏ యూనిట్లో ఎక్కించమంటారు సార్?"